షేర్ల ప్రతిఫలాలలో మారే దశలు: పంట ధరల విశ్లేషణకు ఒక పాఠం

వ్యవసాయ విశ్వవిద్యాలయాల మార్కెట్ ఇంటెలిజెన్స్ కేంద్రాలు విత్తే ముందు ఒకసారి, కోతకు ముందు మరొకసారి పంట ధరల అంచనాలను వెలువరించడం కొన్నేళ్లుగా సాగుతున్నది. ఆ అంచనాలో రైతు వెతికేది క్వింటా ధర ఎంత అన్న అంకెను మాత్రమే కాదు. పడిన ధర ఎన్నాళ్లు పడి ఉంటుంది, లేచిన ధర ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నది అతనికి అంతకంటె ముఖ్యం. మిర్చి టిక్కీలను యార్డులో ఆ రోజే అమ్ముకోవాలా, అద్దె, వడ్డీ భరించి కోల్డ్ స్టోరేజిలో ఉంచాలా అన్న నిర్ణయం దాని మీదనే ఆధారపడుతుంది. ధరలలో మాంద్యం, ఊపు ఒకదాని తరువాత ఒకటి వస్తాయన్నది అందరికీ తెలిసినదే; వాటి నిడివి మాత్రం ఏ రెండు సార్లూ ఒకలా ఉండదు. ఇలా నిడివి మారిపోయే చక్రాలను సాంఖ్యకంగా పట్టుకోవడం ఎలాగన్నదే ఈ వ్యాస విషయం.

ఈ ప్రశ్న ధాన్యం ధరల అధ్యయనంలో పుట్టి షేర్ల బజారులో పెరిగింది. విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు దీనిని షేర్ల దగ్గరే నేర్చుకోవడంలో ఒక సౌకర్యం ఉన్నది. సెన్సెక్స్ వంటి సూచీకి గ్రేడులు లేవు, తేమ శాతం లేదు, పంటకాలం లేదు, సరకు రాకలలో ఎగుడుదిగుడులు లేవు. బజారు తెరిచిన ప్రతి రోజూ ఒక ముగింపు విలువ ఉంటుంది. కాబట్టి నమూనాలోని మంచిచెడ్డలు దత్తాంశ లోపాల మాటున దాగవు. అక్కడ పద్ధతిని అర్థం చేసుకొన్న తరువాత యార్డు ధరలకు దానిని వర్తింపజేయడంలోని ఇబ్బందులు స్పష్టంగా కనిపిస్తాయి.

నిర్ణీత చక్రం అనే భ్రమ

1870లలో విలియం స్టాన్లీ జెవన్స్ ఇంగ్లండులోని వ్యాపార సంక్షోభాలను సూర్యుని మచ్చలతో ముడిపెట్టాడు. మచ్చల హెచ్చుతగ్గులను బట్టి వాతావరణం, దానిని బట్టి పంట, పంటను బట్టి భారతదేశంలో ధాన్యం ధర, ఆ ధరను బట్టి ఇక్కడ ఇంగ్లీషు సరకులకు గిరాకీ అన్నది ఆయన తర్కం. ఢిల్లీ గోధుమ ధరలను కూడా ఆయన సాక్ష్యంగా చూపాడు. మచ్చల ఆవృత్తి 11.1 సంవత్సరాలు అన్నంతకాలం సంక్షోభాల లెక్క దానితో కలవలేదు. దానిని 10.45కు సవరించిన అంచనా వచ్చేసరికి సిద్ధాంతం స్థిరపడిందని ఆయన భావించాడు. ఖగోళ శాస్త్రం మళ్లీ 11 దగ్గరకే వచ్చింది; సంక్షోభాలు ఏ ఆవృత్తికీ కట్టుబడలేదు.

విలియం బెవరిడ్జ్ ప్రయత్నం ఇంతకంటె శ్రద్ధగా జరిగినది. 1500 నుంచి 1869 వరకు పశ్చిమ యూరప్ గోధుమ ధరల శ్రేణిని సమకూర్చి, పీరియడోగ్రామ్ పద్ధతితో విశ్లేషించి, 1920ల ప్రారంభంలో ఫలితాలు ప్రకటించాడు. వాటిలో 15.3 సంవత్సరాల చక్రం ప్రముఖంగా కనిపించింది. అయితే దీర్ఘకాలిక ధోరణిని తొలగించడానికి ఆయన ప్రతి ఏటి ధరను 31 ఏళ్ల చలన సగటుతో భాగించాడు. ఆ భాగహారమే కొన్ని ఆవృత్తులను పెంచి, కొన్నింటిని అణచగలదన్న సంగతి ఆ కాలానికి స్పష్టం కాలేదు.

దానిని స్పష్టం చేసినవాడు యెవ్గెనీ స్లుట్స్కీ. 1927లో ఆయన ఒక ప్రభుత్వ లాటరీలో గెలిచిన సంఖ్యల చివరి అంకెలను వరుసగా రాసి, పదేసి అంకెల చలన మొత్తాలను గీతగా గీశాడు. ఏ నియమమూ లేని ఆ అంకెల నుంచి ఎగువ, దిగువలతో కూడిన అందమైన అలలు వచ్చాయి. 1855-1877 మధ్య ఇంగ్లండు వ్యాపార సూచీ పక్కన పెట్టి చూపితే రెండింటి పోలిక ఆశ్చర్యం కలిగించేది. యాదృచ్ఛిక ఘటనలను కూడినా, సగటు చేసినా చక్రాలు పుడతాయన్నది ఆ ప్రయోగ సారాంశం. అదే సంవత్సరం ఉడ్నీ యూల్ సూర్యుని మచ్చల శ్రేణికే నిర్ణీత ఆవృత్తి బదులు స్వయం ప్రతిగమన నమూనాను ప్రతిపాదించడం యాదృచ్ఛికమే అయినా ఆసక్తికరం.

ఆ తరువాత గోధుమ ధరల మీద జీవితమంతా పనిచేసిన హోల్బ్రూక్ వర్కింగ్ 1934లో ధరల శ్రేణికి, యాదృచ్ఛిక సంఖ్యలను వరుసగా కూడగా వచ్చే శ్రేణికి ఉన్న పోలికను చూపాడు. 1953లో మారిస్ కెండాల్ 22 ధరల శ్రేణులను పరిశీలించాడు. వాటిలో 19 బ్రిటిష్ షేర్ల సూచీలు. మిగిలినవి షికాగో గోధుమ, న్యూయార్క్ పత్తి ధరలు. నిన్నటి మార్పును బట్టి రేపటి మార్పును చెప్పగల సహసంబంధం వాటిలో దాదాపు లేదు. పత్తి మాత్రం కొంత భిన్నంగా కనిపించింది. యార్డు నెలసరి సగటులతో పనిచేసేవారు ఇక్కడ వర్కింగ్ 1960లో చేసిన హెచ్చరికను గుర్తుంచుకోవాలి. పూర్తిగా యాదృచ్ఛికమైన రోజువారీ ధరలను నెలసరి సగటులుగా మార్చి, ఆ సగటుల మధ్య తేడాలు తీస్తే, లేని సహసంబంధం సుమారు 0.25 మేర పుట్టుకొస్తుంది. పరిశోధన పత్రాలలో ‘గమనార్హమైన స్వయం సహసంబంధం’గా నమోదయ్యేవాటిలో కొన్ని సగటు తీయడం వల్ల వచ్చినవే అయి ఉండవచ్చు.

దిశ తెలియదు, తీవ్రత తెలుస్తుంది

ప్రతిఫలం అంటే నేటి విలువ సంవర్గమానం నుంచి నిన్నటి విలువ సంవర్గమానాన్ని తీసివేయగా వచ్చేది. సగానికి పడిన ధర తిరిగి మొదటి స్థానానికి రావాలంటే నూరు శాతం పెరగాలి; సంవర్గమానంలో మాత్రం పతనం, పెరుగుదల రెండూ 69.3 వద్ద సమంగా ఉంటాయి. చిన్న మార్పుల విషయంలో సాధారణ శాతానికి, దీనికి తేడా కనిపించదు. పెద్ద మార్పులలో కనిపిస్తుంది. 2020 మార్చి 23న సెన్సెక్స్ 3,934.72 పాయింట్లు కోల్పోయి 25,981.24 వద్ద ముగిసింది. సాధారణ లెక్కలో అది 13.15 శాతం, సంవర్గమాన లెక్కలో 14.1 శాతం.

రోజువారీ ప్రామాణిక విచలనం ఒకటిన్నర శాతం అనుకుంటే ఆ ఒక్క రోజు పతనం దానికి సుమారు తొమ్మిది రెట్లు. సామాన్య విభాజనం ప్రకారం అటువంటి రోజు మానవ చరిత్రలోనే రాకూడదు. కానీ 1992 ఏప్రిల్‌లో, 2004 మేలో, 2008 అక్టోబరులో కూడా సెన్సెక్స్ ఒక్క రోజులో పదిశాతానికి మించి పడింది. పతనాలు మాత్రమే కాదు. 2020 మార్చి 23 తరువాత రెండు వారాలకే, ఏప్రిల్ 7న, సూచీ 8.97 శాతం పెరిగింది. 2008 నాటి అలజడి పూర్తిగా చల్లారకముందే, 2009 మే 18న, ఎన్నికల ఫలితాల మరునాడు పనిదినాన అది 17.34 శాతం లేచి, సర్క్యూట్ పరిమితి తగిలి ఆగిపోయింది. ఘోరమైన పతనాలు, అసాధారణమైన లేవడాలు ఒకే కాలంలో గుమిగూడతాయి. బెన్వా మాండెల్‌బ్రాట్ 1963లో ఈ లక్షణాన్ని ప్రముఖంగా ఎత్తిచూపినది పత్తి ధరలలో అన్నది వ్యవసాయ విద్యార్థులు గుర్తుంచుకోదగిన విషయం.

అందువల్ల ప్రతిఫలాల మధ్య సహసంబంధం శూన్యానికి దగ్గరగా ఉన్నా, వాటి వర్గాల మధ్య సహసంబంధం ధనాత్మకంగా ఉండి చాలా రోజుల వరకు నిలుస్తుంది. రేపు పెరుగుతుందో తగ్గుతుందో చెప్పలేకపోయినా ఎంతగా కదలగలదో కొంతవరకు చెప్పవచ్చు. రాబర్ట్ ఎంగిల్ 1982లో ఆర్చ్ నమూనాతో, టిమ్ బొలెర్‌స్లెవ్ 1986లో దాని విస్తరణ అయిన గార్చ్ నమూనాతో ఈ లక్షణాన్ని సమీకరణంలోకి తెచ్చారు. నేటి విస్తృతిలో ఒక భాగం నిన్నటి షాకు వర్గం నుంచి, మరొక భాగం నిన్నటి విస్తృతి నుంచి వస్తాయి. ఆ రెండు గుణకాల మొత్తం 0.98 అయితే ఒక షాకు ప్రభావం సగానికి తగ్గడానికి 34 రోజులు, 0.99 అయితే 69 రోజులు పడుతుంది. రెండవ దశాంశంలో ఒక్క అంకె తేడా నిడివిని రెట్టింపు చేస్తున్నది.

షేర్ల దత్తాంశంలో ఈ మొత్తం తరచుగా ఒకటికి అతి దగ్గరగా వస్తుంది. అంటే షాకులు దాదాపు చల్లారవన్నమాట. అది నమ్మశక్యం కాదు. 1990లో లామరూ, లాస్ట్రాప్స్ దీనికొక వివరణ ఇచ్చారు. విస్తృతి సగటు స్థాయి మధ్యలో మారిపోయినప్పుడు, ఆ మార్పును ఒప్పుకోని గార్చ్ నమూనా దానిని షాకుల దీర్ఘాయుష్షుగా పొరబడుతుంది. రెండు వేర్వేరు దశలను ఒకే దశగా చూడటం వల్ల వచ్చే ఫలితం ఇది.

దశలు మారే నమూనా

జేమ్స్ హామిల్టన్ 1989లో ప్రతిపాదించిన మార్కోవ్ స్విచింగ్ నమూనాలో దశలకు చోటున్నది. ఆయన తీసుకున్నది 1951-1984 మధ్య అమెరికా స్థూల జాతీయోత్పత్తి త్రైమాసిక వృద్ధి. ఆర్థిక వ్యవస్థ ఏ త్రైమాసికంలోనైనా కంటికి కనిపించని రెండు దశలలో ఒకదానిలో ఉంటుంది. ఒక దశలో సగటు వృద్ధి 1.16 శాతం, రెండవదానిలో మైనస్ 0.36 శాతం. వృద్ధి దశలో ఉన్నది మరుసటి త్రైమాసికంలోనూ అక్కడే ఉండే సంభావ్యత 0.905; క్షీణ దశకు అదే 0.755. ఈ రెండు అంకెల నుంచి దశల సగటు నిడివి వస్తుంది: ఒకటి నుంచి నిలిచే సంభావ్యతను తీసివేసి, ఒకటిని ఆ శేషంతో భాగించాలి. వృద్ధి దశకు పదిన్నర త్రైమాసికాలు, క్షీణ దశకు నాలుగు. అమెరికా మాంద్యాల తేదీలను నిర్ణయించే నిపుణుల సంఘం ప్రకటించిన తేదీలతో నమూనా చూపిన మలుపులు చాలావరకు కలిశాయి. తేదీలను నమూనాకు ఎవరూ అందించలేదు.

అదే సంవత్సరం టర్నర్, స్టార్ట్జ్, నెల్సన్ ఈ ఊహను షేర్ల ప్రతిఫలాల విస్తృతికి వర్తింపజేశారు. 1994లో హామిల్టన్, సుస్మెల్ ఆర్చ్‌ను, దశల మార్పును ఒకే నమూనాలో కలిపారు. ఇక్కడ గణిత వివరాలకంటె, నమూనా రోజూ చేసే పనిని ఒక ఉదాహరణలో చూడటం మేలు. కింది అంకెలు వివరణ కోసం ఎంచుకున్నవి.

ఒక సూచీకి నెమ్మది దశ, అలజడి దశ అని రెండు దశలున్నాయనుకుందాం. నెమ్మది దశలో రోజువారీ సగటు ప్రతిఫలం 0.08 శాతం, ప్రామాణిక విచలనం 0.8 శాతం, అలజడి దశలో సగటు మైనస్ 0.10 శాతం, ప్రామాణిక విచలనం 2.2 శాతం. నెమ్మది దశలో నిలిచే సంభావ్యత 0.99, అలజడి దశలో 0.96. సగటు నిడివి మొదటిదానికి 100 రోజులు, రెండవదానికి 25 రోజులు. దీర్ఘకాలంలో అయిదింట ఒక వంతు రోజులు అలజడిలో గడుస్తాయి.

సగటు నిడివి 25 రోజులు అన్న మాటను వినేవారు తప్పుగా అర్థం చేసుకోవడం తేలిక. అలజడి దశలలో సగం 17 రోజుల లోపే ముగుస్తాయి. నూటికి పదమూడు 50 రోజులు దాటుతాయి. అంతకంటె విచిత్రమైనది మరొకటి ఉన్నది. అలజడి మొదలై అప్పటికే 40 రోజులయినా, ఇక మిగిలిన నిడివి సగటు మళ్లీ 25 రోజులే. ఈ నమూనాలో దశకు వయసు లేదు. ‘చాలాకాలం పడింది కనుక ఇక లేస్తుంది’ అన్న బజారు మాటకు ఇందులో ఆధారం దొరకదు.

ఇప్పుడు ఒక రోజును తీసుకుందాం. నిన్న సాయంత్రానికి అలజడి దశ సంభావ్యత 0.10. నేటి బజారు తెరవకముందే, మార్పుల సంభావ్యతలను కలుపుకొంటే అది 0.105 అవుతుంది. సాయంత్రానికి సూచీ 2.5 శాతం పడింది. అటువంటి పతనం నెమ్మది దశలో ఎంత అరుదో, అలజడి దశలో ఎంత సహజమో పోల్చితే, రెండవదానిలో దాని సాంద్రత సుమారు 36 రెట్లు ఎక్కువ. బేయిస్ సూత్రం ప్రకారం సంభావ్యతను సవరిస్తే 0.10 కాస్తా ఒక్క రోజులో 0.81కి చేరుతుంది. మరుసటి మూడు రోజులూ సూచీ 0.3 శాతం చొప్పున పెరిగిందనుకుంటే, సంభావ్యత 0.57కు, తరువాత 0.31కి, ఆపైన 0.14కు దిగుతుంది. భయం ఒక్క రోజులో వచ్చింది, తగ్గడానికి మూడు రోజులు పట్టింది. పెద్ద పతనం ఇచ్చే సమాచారం ఎక్కువ. నెమ్మదైన రోజు రెండు దశలలోనూ రాగలదు కనుక అది ఇచ్చే సమాచారం తక్కువ.

ఆనాటి చూపు, వెనుచూపు

పై ఉదాహరణలో ప్రతి సాయంత్రం వచ్చిన అంకె ఆ రోజు వరకు ఉన్న సమాచారంతో లెక్కించినది. సాంఖ్యకులు దీనిని ఫిల్టర్డ్ సంభావ్యత అంటారు. ఆనాటి సంభావ్యత అనవచ్చు. శ్రేణి మొత్తం చేతికి వచ్చిన తరువాత, ముందు రోజులను తరువాతి రోజుల వెలుగులో తిరిగి లెక్కించేది స్మూత్డ్ సంభావ్యత, అంటే వెనుచూపు సంభావ్యత. దీనికి చాంగ్-జిన్ కిమ్ 1994లో చూపిన పద్ధతి ఇప్పుడు సాఫ్ట్‌వేర్లన్నింటిలో ఉన్నది.

2.5 శాతం పడిన రోజుకు ఆనాటి సంభావ్యత 0.81. ఆ తరువాతి మూడు నెమ్మది రోజులను కూడా కలుపుకొని వెనక్కు లెక్కిస్తే, అదే రోజుకు వెనుచూపు సంభావ్యత 0.31 మాత్రమే. ఆ సాయంత్రం ‘అలజడి మొదలైంది’ అన్నవాడు ఉన్న సమాచారం మేరకు సరిగ్గానే చెప్పాడు. మూడు రోజుల తరువాత అదే నమూనా, అవే పరామితులతో, అది చాలావరకు ఒంటరి పతనం అంటున్నది. నమూనా మాట మార్చలేదు, ప్రశ్న మారింది.

పరిశోధన పత్రాలలో అచ్చయ్యే పటాలు ఎక్కువగా వెనుచూపువే. వాటిలో దశలు గోడ కట్టినట్లు నిటారుగా మారతాయి. 2008 ఎక్కడ మొదలైందో, 2020 ఎక్కడ ముగిసిందో వేలు పెట్టి చూపవచ్చు. ఆ పటాన్ని చూసిన విద్యార్థికి నమూనా మలుపులను పట్టేస్తుందన్న నమ్మకం కలుగుతుంది. కానీ సలహా ఇవ్వవలసిన రోజున ఆ పటం కుడి అంచున ఉన్న ఒక్క బిందువే అందుబాటులో ఉంటుంది. ఆ ఒక్క బిందువు వద్ద రెండు సంభావ్యతలూ ఒకటే. అక్కడే నమూనాకు తెలిసింది అతి తక్కువ. చరిత్రను వర్ణించడానికి వెనుచూపు తగినది. నమూనా సలహాకు పనికివస్తుందా అని పరీక్షించేటప్పుడు దానిని వాడితే, జవాబు పత్రం ముందు పెట్టుకొని పరీక్ష రాసినట్లే. పరామితుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 2008 వరకు ఉన్న దత్తాంశంతో అంచనా వేసిన పరామితులతోనే 2009కి సంభావ్యతను లెక్కించాలి.

అంచనాలో ఎదురయ్యే చిక్కులు

విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలలో ఒక పొరపాటు తరచుగా కనిపిస్తుంది. ఒకే దశ ఉన్నదన్న శూన్య పరికల్పనకు వ్యతిరేకంగా రెండు దశలను పరీక్షించడానికి లైక్లీహుడ్ నిష్పత్తిని తీసి, కై-వర్గ పట్టికతో పోల్చుతారు. ఉన్నది ఒకే దశ అయితే దశ మారే సంభావ్యతలకు అర్థమే ఉండదు. అవి ఏ విలువైనా తీసుకోవచ్చు. అప్పుడు కై-వర్గ విభాజనం వర్తించదు. డేవీస్ 1977లో ఈ రకం సమస్యను సాధారణంగానూ, హాన్సెన్ 1992లో ప్రత్యేకంగా ఈ నమూనాకూ చర్చించారు. నకలు శ్రేణులను కంప్యూటరుతో పుట్టించి నిష్పత్తి విభాజనాన్ని తెలుసుకోవడం ఇప్పుడు కష్టమైన పని కాదు.

లైక్లీహుడ్‌కు శిఖరాలు అనేకం ఉంటాయి కనుక వేర్వేరు ప్రారంభ విలువలతో గణనను చాలాసార్లు నడపాలి. ఒక దశ విస్తృతి శూన్యానికి దిగజారితే లైక్లీహుడ్ హద్దు లేకుండా పెరుగుతుంది. షేర్ల సూచీలో ఇది అరుదు. యార్డు ధరలలో అరుదు కాదు: వరుసగా నాలుగైదు రోజులు ఒకే మోడల్ ధర నమోదయితే ప్రతిఫలాలన్నీ శూన్యాలు. నమూనా వాటిని ఒక ప్రత్యేక దశగా పట్టుకొని ‘అతి స్థిరమైన మార్కెట్’ను కనుగొన్నట్లు చూపుతుంది. అక్కడ దొరికింది మార్కెట్ స్వభావం కాదు, గుమస్తా నిన్నటి అంకెనే మళ్లీ రాసిన అలవాటు కావచ్చు.

దశ మార్పును, శాశ్వత మార్పును వేరు చేయడం కూడా అవసరం. మార్కోవ్ నమూనాలో పోయిన దశ ఎప్పుడో ఒకప్పుడు తిరిగి వస్తుంది. విధానం మారినప్పుడు అలా జరగకపోవచ్చు. 2021 డిసెంబరులో సెబీ గోధుమ, శనగ, పెసర, ఆవాలు, సోయా తదితర ఏడు సరకుల ఫ్యూచర్స్ వ్యాపారాన్ని నిలిపివేసింది. అటువంటి తేదీకి ముందు వెనుకల ధరలను ఒకే మార్కోవ్ శ్రేణిగా చూడటానికి ముందు, బాయ్, పెరాన్ 1998లో ఇచ్చిన పద్ధతి వంటి దానితో శాశ్వత విరుపు ఉన్నదేమో చూడాలి.

మిర్చి యార్డు దగ్గరకు వస్తే

గుంటూరు యార్డు ధరలకు ఈ నమూనాను నేరుగా వర్తింపజేయబోతే మొదట అడ్డువచ్చేది వేసవి సెలవులు. మేలో యార్డు మూతపడి కొన్ని వారాల తరువాత తెరుచుకొన్నప్పుడు, ఆ వారాలన్నింటి మార్పు ఒక్క రోజు ప్రతిఫలంగా నమోదవుతుంది. నమూనా ప్రతి జూన్‌లో ఒక అలజడిని చూస్తుంది. ఆ రోజు విస్తృతిని గడిచిన రోజుల సంఖ్యతో హెచ్చించి లెక్కలోకి తీసుకోవాలి, లేదా శ్రేణిని అక్కడ తెంచాలి.

రెండవది సరకు కూర్పు. తేజ, బాడిగ, 334 రకాలను కలిపి తీసిన ధరలో కదలిక ధరదో, రకాల నిష్పత్తిదో తెలియదు. ఒకే రకంలోనైనా చివరి కోతలలో తాలు కాయ పెరుగుతుంది. నాణ్యమైన కాయ ధర మారకపోయినా మోడల్ ధర దిగుతుంది. జనవరి నుంచి మే వరకు వచ్చేది ఎక్కువగా కొత్త పంట, ఆ తరువాత వచ్చేది ఎక్కువగా కోల్డ్ స్టోరేజి సరకు. కాబట్టి ఋతు ప్రభావాన్ని ముందుగా తొలగించక తప్పదు. ఆ తొలగింపును చలన సగటుతో చేస్తే బెవరిడ్జ్ ఇబ్బంది తిరిగి వస్తుంది. నెలలకు సూచక చలరాశులను నమూనాలోనే ఉంచడం మెరుగు.

దశలను రూపాయల ధర మీద నిర్వచించడం కూడా సరికాదు. 2017లో మిర్చి ధర కుప్పకూలినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ప్రకటించిన ధర క్వింటాకు 5,000 రూపాయలు. 2025లో మళ్లీ ఆ అవసరం కలిగినప్పుడు ప్రకటించినది 11,781 రూపాయలు. రెండూ సంక్షోభ కాలపు ధరలే. ఎనిమిదేళ్లలో సంక్షోభానికి గుర్తయిన అంకె రెట్టింపుకు మించింది. సాగు ఖర్చుతోనో, టోకు ధరల సూచీతోనో సరిచేసిన ధరలనే వాడాలి.

అన్నింటికంటె పెద్ద ఇబ్బంది దశల సంఖ్య. షేర్ల రోజువారీ శ్రేణిలో నలభై ఏళ్లలో ఎన్నో మలుపులు దొరుకుతాయి. పదేళ్ల నెలసరి మిర్చి ధరలలో 120 పరిశీలనలున్నా మలుపులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఉదాహరణకు ఐదు మాంద్య దశలు, మొత్తం 35 నెలలు గడిచాయనుకుందాం. దశలు కచ్చితంగా తెలుసునని అనుకున్నా, మాంద్యంలో నిలిచే సంభావ్యత అంచనా 0.857, సగటు నిడివి ఏడు నెలలు. ఈ సంభావ్యత ప్రామాణిక దోషం సుమారు 0.06. నూటికి 95 పాళ్ల విశ్వాస అంతరం 0.74 నుంచి 0.97 వరకు విస్తరిస్తుంది. దానిని నిడివిలోకి మార్చితే నాలుగు నెలల నుంచి 37 నెలల వరకు ఏదైనా కావచ్చు. ‘మాంద్యం సగటున ఏడు నెలలు’ అన్న వాక్యం వెనుక ఉన్న తెలివి ఇంతే. ఆ ఏడే సరైనదని అనుకున్నా, ఏడు నెలల తరువాత కూడా మాంద్యం సాగే సంభావ్యత 0.34. ఆ మాట నమ్మి సరకు నిల్వ చేసిన ముగ్గురు రైతులలో ఒకరికి గడువు ముగిసేనాటికి ధర రాదు. అద్దె, వడ్డీ మాత్రం వస్తాయి.

పంట ధరలకు అనుకూలమైన అంశం కూడా ఒకటున్నది. షేర్ల దశకు వయసు లేకపోవచ్చు. మిర్చి దశకు ఉంటుంది. ధర బాగా పలికిన ఏటి తరువాత విస్తీర్ణం పెరగడం, పెరిగిన పంట ధరను పడగొట్టడం, పడిన ధర మళ్లీ విస్తీర్ణాన్ని తగ్గించడం మోర్డెకై ఎజెకీల్ 1938లో సాలెగూడు సిద్ధాంతంగా వివరించిన క్రమమే. కొత్త పంట ఎప్పుడు వస్తుందో ముందే తెలుసు. కనుక దశ మారే సంభావ్యతను స్థిరంగా ఉంచక, నాట్ల విస్తీర్ణం, కోల్డ్ స్టోరేజి నిల్వలు, పంటకాలంలోని నెల వంటి చలరాశుల మీద లాజిస్టిక్ ప్రమేయంగా ఆధారపరచవచ్చు. అటువంటి నమూనాలు 1994 నుంచి వాడుకలో ఉన్నాయి. మలుపులు కొద్దిగా ఉన్నచోట నాలుగు చలరాశులను చేర్చితే లాభం కంటె నష్టమే ఎక్కువ. నిల్వలు ఒక్కటి చాలు. నిల్వల లెక్క నమ్మదగినదిగా సకాలంలో అందడం నమూనా ఎంపికకంటె ముఖ్యమని చెప్పడం అతిశయోక్తి కాదు.

సలహా పత్రంలో ఏమి రాయాలన్నది చివరి ప్రశ్న. దశ ఎన్నడూ కంటికి కనిపించదు కనుక ‘మాంద్య దశ సంభావ్యత 0.7’ అన్న వాక్యం సరైనదా కాదా అని తరువాత తేల్చడం సాధ్యం కాదు. దాని బదులు కంటికి కనిపించే ఘటనకు సంభావ్యత ఇవ్వాలి: ఫలానా తేదీ నాటికి తేజ రకం మోడల్ ధర ఫలానా అంకెకు దిగువన ఉండే సంభావ్యత 0.7, ఈ అంచనా ఫలానా రోజు వరకు అందిన ధరలతో లెక్కించినది అని. అప్పుడు వాతావరణ అంచనాల కోసం బ్రయర్ 1950లో ఇచ్చిన కొలమానం ఇక్కడా పనికివస్తుంది. ఘటన జరిగితే ఒకటి, జరగకపోతే శూన్యం అని తీసుకొని, చెప్పిన సంభావ్యతకు దానికి ఉన్న తేడాను వర్గం చేయాలి. 0.7 అని చెప్పగా జరిగితే దోషం 0.09, జరగకపోతే 0.49. ఏమీ తెలియదని ప్రతిసారీ 0.5 చెప్పేవారికి దోషం ఎప్పుడూ 0.25. కొన్ని పంటకాలాల సలహాలను ఇలా లెక్కించి, సగటు దోషం 0.25కంటె తగ్గుతున్నదా అని చూడవచ్చు. నెమ్మది సంవత్సరాలకు, ధర కుప్పకూలిన సంవత్సరాలకు ఈ లెక్కను విడివిడిగా వేయాలి.